డాక్టర్ "రెడ్ మీట్ మానెయ్యండి" అన్నారు. మరి పోర్క్ సంగతేంటి?

సాయంత్రం_నడక (చర్చ మొదలుపెట్టినవారు)

నమస్తే అందరికీ. నా వయసు 44. మొన్న రక్తపరీక్షలో ఎల్‌డీఎల్, అంటే చెడ్డ కొలెస్టరాల్, 158 వచ్చింది. బీపీ, షుగర్ బాగానే ఉన్నాయి. డాక్టర్ గారు రిపోర్టు చూసి "రెడ్ మీట్ మానెయ్యండి, చికెన్, చేపలు తినండి" అని రెండు ముక్కల్లో తేల్చేశారు. నేను వారానికి రెండుసార్లు పోర్క్ తింటాను. బయటికొచ్చాక గుర్తొచ్చింది, అసలు పోర్క్ రెడ్ మీటా, వైట్ మీటా అని అడగనే లేదు. వండితే తెల్లగానే ఉంటుంది కదా! మా ఆవిడ మాత్రం ఇదే సందు అని మొత్తం బంద్ చేసేసింది.

నిజంగా మానాల్సిందేనా? తెలిసినవాళ్లు చెప్పండి. "మితంగా తింటే ఏం కాదు" అని మాత్రం చెప్పకండి. ఆ మితం ఎంతో చెప్పండి.

బద్ధకరత్నం

మితం అంటే పక్కవాడి పళ్లెంలో ఉన్నదానికంటే ఒక ముక్క తక్కువ.

డైటీషియన్_కె

ముందు రంగు సంగతి. పోర్క్ రెడ్ మీటే. వండాక ఎలా కనిపిస్తుందన్నది లెక్కలోకి రాదు. క్షీరదాల కండ మాంసమంతా పోషకాహార శాస్త్రంలో రెడ్ మీట్ కిందికే వస్తుంది. కండకు ఎరుపు రంగునిచ్చే మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ పోర్క్‌లో బీఫ్‌లో కంటే తక్కువ, చికెన్ బ్రెస్ట్‌లో కంటే ఎక్కువ. అందుకే ఆ మధ్యరకం రంగు. వైట్ మీట్ అన్న మాట చాలామంది నోట్లో ఎందుకు నానుతోందంటే, 1987లో అమెరికా పోర్క్ పరిశ్రమ "ది అదర్ వైట్ మీట్" అని ప్రకటనలు మొదలుపెట్టింది. అది అమ్ముకోవడానికి కట్టిన మాట. శాస్త్రం చెప్పింది కాదు.

ఇక ఆరోగ్యం. పోర్క్ అని ఒకే పేరు పెట్టాం గానీ ఒక్క జంతువులోనే చాలా రకాల తిండి ఉంది. వెన్నెముక పక్కన సన్నగా, మెత్తగా ఉండే టెండర్‌లాయిన్ తీసుకోండి. వండిన 100 గ్రాముల్లో ప్రొటీన్ 26 గ్రాముల దాకా ఉంటుంది, కొవ్వు సుమారు మూడున్నర గ్రాములే. చర్మం లేని చికెన్ బ్రెస్ట్‌లో ఉన్న కొవ్వూ ఇంచుమించు అంతే. అదే పొట్ట భాగం, అంటే బెల్లీ, పచ్చిది 100 గ్రాములు తీసుకుంటే కొవ్వు 53 గ్రాములు, ప్రొటీన్ తొమ్మిదే. ఈ రెండింటినీ ఒకే పేరుతో పిలిచి "మంచిదా, చెడ్డదా" అంటే నేనేం చెప్పను?

కాబట్టి నడక గారూ, మీరు తినేది ఏ ముక్క, ఎంత? అది చెప్పండి ముందు.

సాయంత్రం_నడక

మేడమ్, దాచడం ఎందుకు, కొవ్వూ చర్మమూ ఉన్న ముక్కే. అది లేకపోతే రుచేముంది? ఒక్కోసారి నా వాటా పచ్చిది పావు కిలో ఉంటుంది. ఇంకో విషయం, వారానికి నాలుగు రోజులు పొద్దున పూట రెండేసి సాసేజ్‌లు తింటాను. అవి పోర్క్ లెక్కలోకి వస్తాయని ఇప్పటిదాకా నాకు తట్టనే లేదు.

బద్ధకరత్నం

దొంగ దొరికాడు.

లెక్కల_మాస్టారు

నడక గారూ, ఫ్రిజ్ తెరిచి ఆ సాసేజ్ ప్యాకెట్ వెనక ఏం రాసుందో ఉన్నదున్నట్టు ఇక్కడ పెట్టండి.

సాయంత్రం_నడక

100 గ్రాములకు: కొవ్వు 25 గ్రా., అందులో శాచురేటెడ్ 9 గ్రా., ప్రొటీన్ 13 గ్రా., సోడియం 800 మి.గ్రా. కింద చీమ తలకాయంత అక్షరాల్లో "ప్రిజర్వేటివ్ 250" అని ఉంది. రెండు సాసేజ్‌లు కలిపి సరిగ్గా 100 గ్రాములు, ఇప్పుడే తూచాను.

లెక్కల_మాస్టారు

సరే, లెక్క వేద్దాం.

సోడియం మి.గ్రా.లో ఉంటే 2.5తో గుణించి వెయ్యితో భాగిస్తే ఉప్పు ఎన్ని గ్రాములో వస్తుంది. 800 అంటే 2 గ్రాముల ఉప్పు. రోజు మొత్తానికి 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. మీరు ముఖం కడుక్కుని కూర్చున్న గంటలోనే 40 శాతం అయిపోయింది.

శాచురేటెడ్ కొవ్వు, అంటే ఎల్‌డీఎల్‌ను పెంచే రకం, రోజు కేలరీల్లో 10 శాతం మించకూడదన్నది మామూలు సలహా. 2000 కేలరీలు తినేవాళ్లకు అది 22 గ్రాములు. ఎల్‌డీఎల్ తగ్గించుకోవాల్సినవాళ్లకు అమెరికన్ హార్ట్ అసోసియేషన్ చెప్పే హద్దు ఇంకా తక్కువ, 6 శాతం లోపు, అంటే సుమారు 13 గ్రాములు. పచ్చి బెల్లీ 100 గ్రాముల్లో శాచురేటెడ్ 19 గ్రాములు ఉంటుంది. మీ పావు కిలోలో 48. వండేటప్పుడు కొంత కరిగి గిన్నెలోకి దిగుతుంది, ఒప్పుకుంటా. కానీ ఆ గిన్నెలోది వదిలేస్తున్నారా, కలుపుకుని తింటున్నారా?

సాయంత్రం_నడక

నన్నేం అడక్కండి మాస్టారూ.

కండలు_కావాలి

ఇదంతా పాత పాట. కొవ్వు చెడ్డదని యాభై ఏళ్లు భయపెట్టారు. 2019లో అన్నల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్ అనే పెద్ద జర్నల్‌లోనే నిపుణుల బృందం "ఇప్పుడు తింటున్నంత రెడ్ మీట్ తింటూ ఉండొచ్చు" అని రాసింది. నేను రోజూ తింటాను, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు) తగ్గాయి, పొట్ట తగ్గింది. మాంసం మానేసి బిస్కెట్లు తినేవాడికి వస్తాయి జబ్బులు.

డైటీషియన్_కె

బిస్కెట్ల సంగతిలో మీతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను. మాంసం తగ్గించి ఆ చోటును మైదాతో, చక్కెరతో నింపితే గుండెకు ఒరిగేదేమీ లేదు. తీసేసిన చోట పప్పులు, గింజలు, చేపలు, కూరగాయలు వస్తేనే లాభం.

2019 సలహా గురించి మాత్రం సగమే చెప్పారు. ఆ బృందం తనే అది "బలహీనమైన సిఫార్సు" అనీ, ఆధారాల మీద నమ్మకం తక్కువనీ రాసుకుంది. అంటే "హాని లేదని తేలింది" అనలేదు. "మానుకోమని గట్టిగా చెప్పేంత ఆధారం మాకు కనపడలేదు" అంది. ఆ ముక్క మీద అప్పట్లో పెద్ద దుమారమే రేగింది. తిండి మీద ఏళ్ల తరబడి ప్రయోగం పెట్టి జనాన్ని రెండు గుంపులుగా విడదీసి చూడటం దాదాపు అసాధ్యం. కాబట్టి ఏ ఆధారాన్ని ఎంత నమ్మాలన్న దగ్గరే అసలు గొడవ.

మీ ట్రైగ్లిజరైడ్స్ తగ్గాయంటే సంతోషం. పిండిపదార్థాలు తగ్గిస్తే, బరువు తగ్గితే అవి తగ్గుతాయి. మరి ఎల్‌డీఎల్ చూపించుకున్నారా?

కండలు_కావాలి

చూపించుకోలేదు.

ఆకుకూరల_అభిమాని

నేను శాకాహారిని, సరదాకి చదువుతున్నా. ఒక అనుమానం. పోర్క్‌లో ఉండి, వేరే చోట దొరకనిది ఏమైనా ఉందా? లేకపోతే ఇంత లెక్కలూ తూకాలూ ఎందుకు, మానేస్తే పోలా?

డైటీషియన్_కె

వేరే చోట దొరకనిది ఏమీ లేదు. పోర్క్ తినకుండా నిండు ఆరోగ్యంతో బతకొచ్చు, ఆ విషయంలో రెండో మాట లేదు. కానీ "అవసరమా" అన్నది ఒక ప్రశ్న, "తింటే తప్పా" అన్నది ఇంకో ప్రశ్న. ఆయన అడిగింది రెండోది.

ఒక్క విషయంలో పోర్క్‌కు మార్కులు ఇవ్వాలి. థయామిన్, అంటే బి1 విటమిన్. మామూలుగా తినే మాంసాల్లో దీనికి సాటి లేదు. కొవ్వు తక్కువున్న ముక్క 100 గ్రాముల్లో 0.8 మి.గ్రా. పైన ఉండొచ్చు. రోజుకు మగవాళ్లకు కావలసింది 1.2, ఆడవాళ్లకు 1.1. బీఫ్‌లో, చికెన్‌లో ఉండేది ఇందులో పదో వంతు పరిసరాల్లోనే. బి12, జింక్, సెలీనియం కూడా బాగానే ఉంటాయి. ఐరన్ మాత్రం రెడ్ మీట్ పేరు చూసి అనుకునేంత లేదు, 100 గ్రాములకు 1 మి.గ్రా. అటూఇటూ. థయామిన్ మీకూ దొరుకుతుంది లెండి. పప్పుల్లో, పొట్టుతో ఉన్న ధాన్యాల్లో, పొద్దుతిరుగుడు గింజల్లో ఉంటుంది.

వంటింటి_కెమిస్ట్

ఆ థయామిన్ నీళ్లలో కరిగిపోయే రకం, వేడికి కొంత పాడవుతుంది కూడా. ఉడికించిన నీళ్లు పారబోస్తే అందులో సగం వైభవం సింక్ పాలు. నీళ్లు ఉంచుకుంటే కొవ్వు ఉంటుంది, పారబోస్తే విటమిన్ పోతుంది. దీనికి నా దగ్గరో బద్ధకపు ఉపాయం ఉంది. ముందురోజు ఉడికించి గిన్నె ఫ్రిజ్‌లో పెట్టేయండి. పొద్దున మూత తీస్తే పైన తెల్లగా, సబ్బుబిళ్లలా కొవ్వు గడ్డకట్టి ఉంటుంది. చెంచాతో అంచు లేపితే చెక్కలా ఊడొస్తుంది. కింద జెల్లీలా ఉన్న నీళ్లు అలాగే ఉంచి వేడిచేసుకోండి. మొదటిసారి ఆ చెక్క మందం చూసి నేను కాసేపు అలా నిలబడిపోయాను. బొటనవేలి గోరు పొడుగంత మందం!

అలాగని ఆ కొవ్వును విషంలా చూడక్కర్లేదు. పంది కొవ్వులో శాచురేటెడ్ 39 శాతం, మోనో అన్‌శాచురేటెడ్ 45 శాతం. మోనోలో ఎక్కువ భాగం ఆలివ్ నూనెలో ఉండే ఒలీయిక్ ఆమ్లమే. వెన్నలో శాచురేటెడ్ 50 శాతం పైన, కొబ్బరినూనెలో 80 పైన. అయినా ద్రవంగా ఉండే గింజల నూనెలతో పోలిస్తే ఎల్‌డీఎల్ విషయంలో పంది కొవ్వు వెనకబడేదే. ఇంకో తమాషా, పంది ఏం తింటే దాని కొవ్వు ఆ లక్షణం తెచ్చుకుంటుంది. ఆవు, మేకల్లాంటివి నెమరు వేసేటప్పుడు వాటి పొట్టలోని సూక్ష్మజీవులు మేతలోని కొవ్వును మార్చేస్తాయి. పందికి ఆ ఏర్పాటు లేదు. నూనెగింజలు ఎక్కువ మేపితే కొవ్వు మెత్తగా, జారుగా వస్తుంది.

సాయంత్రం_నడక

"ప్రిజర్వేటివ్ 250" ఏంటో ఎవరూ చెప్పలేదు. నాకు దాని మీదే టెన్షన్‌గా ఉంది.

వంటింటి_కెమిస్ట్

సోడియం నైట్రైట్. బేకన్, హామ్, సలామీ, చాలా సాసేజ్‌లకు ఆ గులాబీ రంగు దాని చలవే. రంగు కోసమే కాదు, బోట్యులిజం అనే జబ్బు తెచ్చే బ్యాక్టీరియాను పెరగనివ్వదు. ఆ బ్యాక్టీరియా తయారుచేసేది చాలా ప్రమాదకరమైన విషం, కాబట్టి నైట్రైట్‌ను ఊరికే వేయలేదు. అయితే మాంసంలోని అమైన్‌లతో కలిసి, ముఖ్యంగా గట్టిగా వేయించినప్పుడు, నైట్రోసమైన్‌లు ఏర్పడతాయి. వాటిలో కొన్ని క్యాన్సర్ కారకాలు. అందుకే తయారీలో విటమిన్ సి తరహా పదార్థం కూడా కలుపుతారు, అది ఆ చర్యను తగ్గిస్తుంది.

"నైట్రైట్ కలపలేదు, సహజం" అని రాసిన ప్యాకెట్లు చూసి మురిసిపోకండి. వాటిలో తరచుగా సెలెరీ పొడి ఉంటుంది. అందులోని నైట్రేట్ చివరికి నైట్రైటే అవుతుంది. మొక్క నుంచి వచ్చినా అణువు అదే.

లెక్కల_మాస్టారు

దీని మీద ఒక ముఖ్యమైన లెక్క. 2015 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ, ఐఏఆర్‌సీ, 10 దేశాల నుంచి 22 మంది నిపుణులను కూర్చోబెట్టి ప్రాసెస్డ్ మాంసాన్ని (సాసేజ్, బేకన్, హామ్ లాంటివి) గ్రూప్ 1లో, అంటే క్యాన్సర్ తెస్తాయని తేలినవాటిలో పెట్టింది, మామూలు రెడ్ మీట్‌ను గ్రూప్ 2ఎలో, అంటే బహుశా తెస్తాయన్నవాటిలో. పొగాకు కూడా గ్రూప్ 1లోనే ఉందని జనం హడలిపోయారు. గ్రూప్ చెప్పేది "క్యాన్సర్ తెస్తుందన్న ఆధారం ఎంత గట్టిది" అని. ఎంత మందికి తెస్తుందన్నది వేరే సంగతి. ఆ సంస్థే ఉటంకించిన అంచనాల్లో ప్రాసెస్డ్ మాంసం ఎక్కువగా తినడం వల్ల ప్రపంచంలో ఏడాదికి 34 వేల క్యాన్సర్ మరణాలు, పొగాకు వల్ల 10 లక్షలు.

ప్రాసెస్డ్ మాంసం రోజుకు 50 గ్రాములు తింటే పెద్దపేగు, మలాశయ క్యాన్సర్ ముప్పు సుమారు 18 శాతం పెరుగుతుందని వాళ్ల అంచనా. ఇది ఉన్న ముప్పు మీద 18 శాతం. ఉదాహరణకు ఒక చోట వందలో ఐదుగురికి జీవితకాలంలో వస్తుందనుకోండి. 50 గ్రాములు రోజూ తినే వందమందిలో ఆరుగురికి వస్తుందన్నమాట, స్థూలంగా. ఒక్క మనిషి పెరిగాడు. ఆ ఒక్కడు మనం కాకూడదని అందరం అనుకుంటాం, అది వేరే.

నడక గారు వారానికి 400 గ్రాములు తింటున్నారు. ఏడుతో భాగిస్తే రోజుకు 57.

సాయంత్రం_నడక

...

బద్ధకరత్నం

మాస్టారూ, మనిషి పొద్దున్నే సాసేజ్ ముందు కూర్చుని ఏడుస్తున్నాడు. కాస్త నెమ్మదిగా.

మోడరేటర్

మతపరంగా పంది మాంసం తినొచ్చా, కూడదా అన్న మూడు పోస్టులు తీసేశాను. ఎవరి నమ్మకం వారిది. ఇక్కడ తిండీ ఆరోగ్యం వరకే. అలాగే "స్వైన్ ఫ్లూ వస్తుంది" అన్న పోస్టు కూడా తీసేశాను. 2009 హెచ్1ఎన్1 ఉడికిన పోర్క్ తిన్నందువల్ల వ్యాపించలేదు, మనిషి నుంచి మనిషికి వ్యాపించింది.

నిద్రలేని_నర్సు

పురుగుల సంగతి ఎవరూ ఎత్తలేదు, నేను ఎత్తుతా. నైట్ డ్యూటీ, ఇప్పుడే టీ తాగుతున్నా.

"పోర్క్ తింటే మెదడులో పురుగులు వస్తాయి" అని అందరూ అంటారు. సగం నిజం, ఆ సగం కూడా తలకిందులు. సరిగ్గా ఉడకని మాంసంలోని తిత్తులు మింగితే పేగులో బద్దెపురుగు పెరుగుతుంది. అది పేగులోనే ఉంటుంది. ఆ మనిషి మలంలో గుడ్లు బయటికొస్తాయి. చేతులు సరిగ్గా కడగకపోతే, మురుగు కలిసిన నీళ్లతో పండిన ఆకులు పచ్చిగా తింటే, ఆ గుడ్లు ఇంకొకరి నోట్లోకి వెళ్తాయి. అవి పొదిగి రక్తంలో కలిసి మెదడులో తిత్తులు కట్టేది అప్పుడు. అదే న్యూరోసిస్టిసర్కోసిస్.

మా వార్డులో ఒక పెద్దావిడ. జీవితంలో గుడ్డు కూడా ముట్టలేదు. ఫిట్స్ వచ్చి తీసుకొచ్చారు, స్కాన్‌లో తిత్తి. కూతురు నన్ను పక్కకి పిలిచి "అమ్మ మాకు తెలియకుండా ఎక్కడైనా తిందా సిస్టర్?" అని అడిగింది. ఆ మాట వినపడి ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. నేను పురుగు గుడ్ల సంగతి చెప్పాక కూతురు వెళ్లి అమ్మ కాళ్ల దగ్గర కూర్చుంది. ఈ జబ్బు ఉన్న ప్రాంతాల్లో మూర్ఛ కేసుల్లో దాదాపు 30 శాతం దీనివల్లే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. కాబట్టి ఆకుకూరల అభిమాని గారూ, మీరు కూడా ఆకులు బాగా కడగండి.

ఆకుకూరల_అభిమాని

సరదాకి చదువుదామని వచ్చాను, ఇప్పుడు వెళ్లి కొత్తిమీర మళ్లీ కడగాలి.

సాయంత్రం_నడక

అయితే ఎంత ఉడికిస్తే క్షేమం సిస్టర్? మా ఇంట్లో రబ్బరయ్యేదాకా ఉడికిస్తారు.

వంటింటి_కెమిస్ట్

నర్సు గారు డ్యూటీలో ఉన్నట్టున్నారు, నేను చెప్తా. రంగు చూసి నమ్మొద్దు. బాగా ఉడికినా గులాబీగా ఉండొచ్చు, ఉడకకపోయినా తెల్లబడొచ్చు. మాంసం థర్మామీటర్ ఒకటి కొనండి, ముక్క మధ్యలో గుచ్చండి, ఎముకకు తగలకుండా. 2011 నుంచి అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే లెక్క: ముక్కలకు లోపల 63 డిగ్రీల సెల్సియస్, దించాక 3 నిమిషాలు ఆగాలి. ఖీమాకు 71, ఎందుకంటే పైన ఉండే బ్యాక్టీరియా రుబ్బేటప్పుడు లోపలంతా కలిసిపోతుంది. 63 దగ్గర దించితే టెండర్‌లాయిన్ రబ్బరవ్వదు. కొవ్వు లేని ముక్క రుచి ఉండదనేవాళ్లలో ఎక్కువమంది దాన్ని 80 దాటించినవాళ్లే అని నా గట్టి అనుమానం.

ట్రైకినెల్లా అనే ఇంకో పురుగుంది. 15 సెం.మీ. లోపు మందం ఉన్న పోర్క్ ముక్కను మైనస్ 15 డిగ్రీల్లో 20 రోజులు ఉంచితే చస్తుంది. అడవి జంతువుల్లో ఉండే కొన్ని రకాలు ఆ చలిని కూడా తట్టుకుంటాయి. ఉప్పు పెట్టడం, ఎండబెట్టడం, పొగ పట్టడం నమ్ముకోవద్దు.

నిద్రలేని_నర్సు

వచ్చా. లివర్ మాత్రం పూర్తిగా, లోపల దాకా ఉడకాలి. హెపటైటిస్ ఇ వైరస్ పందుల్లో ఉంటుంది, సరిగ్గా ఉడకని లివర్ ద్వారా మనుషులకు వస్తుంది. ఇప్పటికే లివర్ జబ్బు ఉన్నవాళ్లకు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లకు అది ప్రమాదం. ఇంకోటి, గర్భిణులు ఉడికిన లివర్ కూడా వద్దు. విటమిన్ ఎ మోతాదు మించిపోతుంది.

కండలు_కావాలి

గౌట్, అంటే యూరిక్ ఆమ్లం పెరిగి కీళ్లు నొప్పిపెట్టే జబ్బు, ఉన్నవాళ్లు తినొచ్చా? మా నాన్నగారి కోసం అడుగుతున్నా.

డైటీషియన్_కె

లివర్, కిడ్నీలాంటివి వద్దు, వాటిలో ఒంట్లో యూరిక్ ఆమ్లంగా మారే ప్యూరిన్‌లు బాగా ఎక్కువ. మామూలు కండ మాంసం కొద్దిగా, అదీ నొప్పి లేనప్పుడు. కిడ్నీ సమస్య కూడా ఉంటే ప్రొటీన్ ఎంతో ఆయన్ని చూసే డాక్టరే చెప్పాలి. నాన్నగారితో పాటు మీరూ ఒకసారి ఎల్‌డీఎల్ చూపించుకోండి బాబూ.

నడక గారూ, మీరు "మితం ఎంత" అన్నారు కదా. వరల్డ్ క్యాన్సర్ రీసెర్చ్ ఫండ్ చెప్పే హద్దు: అన్ని రెడ్ మీట్‌లూ కలిపి వారానికి మూడు పూటలు, వండాక 350 నుంచి 500 గ్రాములు. ప్రాసెస్డ్ అయితే వీలైనంత తక్కువ, అసలు లేకపోతే ఇంకా మంచిది. మీ కేసులో నేనైతే సాసేజ్‌లు ముందు ఆపిస్తాను. తర్వాత ముక్క మారుస్తాను. వారానికి రెండుసార్లు టెండర్‌లాయిన్ లేదా లాయిన్ (వెన్ను భాగం), అంచు కొవ్వు తీసేసి, ఒక్కోసారి వండాక 120 గ్రాముల చొప్పున. పళ్లెంలో సగం కూరగాయలు. మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష. ఈ మాట మీ డాక్టర్ గారికి చెప్పే చేయండి. ఆయన మందు రాసి ఉంటే అది మానొద్దు.

సాయంత్రం_నడక

మందు రాయలేదు మేడమ్, మూడు నెలలు చూద్దామన్నారు. మా ఆవిడకు ఈ చర్చంతా చదివి వినిపించాను. "మాస్టారు" దగ్గర గట్టిగా నవ్వింది. బెల్లీ మాత్రం పూర్తిగా మానలేను, పండగకో పబ్బానికో తింటా.

లెక్కల_మాస్టారు

పండగలు ఎన్నో ముందే రాసిపెట్టుకోండి. లేకపోతే ప్రతి ఆదివారం పండగే.

సాయంత్రం_నడక (మూడున్నర నెలల తర్వాత)

చర్చను పైకి తెస్తున్నందుకు క్షమించండి. ఎల్‌డీఎల్ 131. బరువు 3 కిలోలు తగ్గాను. థర్మామీటర్ కొన్నాను. మొదటిసారి 63 దగ్గర దించితే మా ఆవిడ "పచ్చిగా ఉంది" అని ముట్టుకోలేదు. రెండోసారి ఆవిడకు తెలియకుండా వడ్డించాను, రెండు ముక్కలు అడిగి వేయించుకుంది. డాక్టర్ గారు రిపోర్టు చూసి "రెడ్ మీట్ మానేశారన్నమాట" అన్నారు. మానలేదు సార్, సాసేజ్ మానేశాను, ముక్క మార్చాను అంటే కాసేపు ఆలోచించి "సరే, అలాగే కానివ్వండి" అన్నారు.

లెక్కల_మాస్టారు

శుభం. కానీ సాసేజ్ మానారు, ముక్క మార్చారు, బరువు తగ్గారు. 27 పాయింట్లలో ఏది ఎంత తగ్గించిందో మీకూ తెలియదు, నాకూ తెలియదు. "పోర్క్ తిని కొలెస్టరాల్ తగ్గించుకున్నా" అని ఎక్కడా చెప్పుకోకండి.

కండలు_కావాలి

నేనూ చూపించుకున్నా. 189. మేడమ్, మీకు విడిగా మెసేజ్ పెట్టాను, చూడండి.

బద్ధకరత్నం

అవన్నీ సరే నడక గారూ, ఫ్రిజ్‌లో గడ్డకట్టిన ఆ కొవ్వు చెక్కలు ఏం చేస్తున్నారు?

సాయంత్రం_నడక

మొదటి రెండూ పారేశాను. మూడోది డబ్బాలో పెట్టి ఉంది. ఎందుకు ఉంచానో అడక్కండి.